పూర్తి మాట అన్నవాడికే గిన్నెలు

పోయిన ఆదివారం చర్చి నుంచి వస్తుంటే కార్‌లో మా అమ్మాయి, "డాడీ, గొన్నా అని అంత గట్టిగా ఎందుకంటావ్? రాయి కొట్టినట్టు!" అని నవ్వింది. నేను ఊరుకుంటానా? గుర్రాల మీద దౌడు తీసే కౌబాయ్‌లు 'గోయింగ్ టు' అని నోరంతా తెరిస్తే ఈగలు దూరేవనీ, అందుకని పళ్ళు బిగించి గొన్నా అనడం మొదలుపెట్టారనీ చెప్పాను. ఆ పిల్ల ఫోన్ చూసి, "ఫేక్, డాడీ! స్కాట్లాండ్‌లో ముందే అన్నారు అది" అని తేల్చేసింది. స్కాట్లాండ్‌లో మాత్రం ఈగలుండవా అన్నాను గానీ, మనసు అప్పటికే ఈ దేశం వచ్చిన కొత్తలో నేనున్న పార్సిప్పనీ ఊరికి వెళ్ళిపోయింది.

రెండు సూట్‌కేసులతో దిగి, ప్రాజెక్టు దొరికేదాకా, వీసా ఇప్పించి తెచ్చిన కన్సల్టెన్సీ వాళ్ళ గెస్ట్‌హౌస్‌లో పడున్నవాళ్ళు మీలోనూ ఉంటారు. మా గెస్ట్‌హౌస్‌లో అందరికంటే ముందు వచ్చిన వరంగల్ ఆయన్ని పెద్దన్న అనేవాళ్ళం. మనం పుస్తకంలోలా మాట్లాడుతున్నాం కాబట్టే ఉద్యోగాలు రావట్లేదని ఆయన నమ్మకం. అందుకని వంటింట్లో ఒక చట్టం పెట్టాడు: పొయ్యి వెలిగించింది మొదలు భోజనాలయ్యేవరకు గొన్నా, వాన్నా, లెమ్మీ, డన్నో అంటూ కుదించిన మాటలే మాట్లాడాలి, ఏ మాటైనా పూర్తిగా పలికినవాడు ఆ పూట గిన్నెలు తోమాలి. "ఏంది తమ్మీ, మళ్ళ 'ఐ డు నాట్ నో' అంటివి? పో, సింక్ నిండింది" అని ఆయన గరిటెతో చూపిస్తే నాకు ప్రాణం పోయేది, ఎందుకంటే మాడిన పప్పు గిన్నె ఎప్పుడూ నా వంతుకే వచ్చేది. కొన్నాళ్ళకి మా కుక్కర్ సైతం పూర్తి విజిల్ వెయ్యడం మానేసి సగంలో ఆపేసేదంటే మీరు నమ్మరు, మా అమ్మాయీ నమ్మదు.

ఇంటర్వ్యూల్లో మాత్రం కన్సల్టెన్సీ వాళ్ళ చట్టమే నడిచేది. ఏది అడిగినా వచ్చు అనాలి, తెలియదన్న మాట నోట రాకూడదు. కథలల్లడం నాకు వెన్నతో పెట్టిన విద్య కదా, అడిగినవన్నీ చేశానని చెప్పేవాణ్ణి, రెండో ప్రశ్నకే దొరికిపోయేవాణ్ణి. చివరికి, ఇది కూడా పోతే వీసా నిలబెట్టలేం, టికెట్ బుక్ చేసుకో అని వాళ్ళు చెప్పేశారు.

ఆ చివరి ఇంటర్వ్యూ వంటింట్లోనే స్పీకర్ ఫోన్‌లో జరిగింది. అవతల ఒక పెద్దవయసు మేనేజర్ నిదానంగా అడుగుతూ అడుగుతూ, నేనెన్నడూ వినని సాఫ్ట్‌వేర్ పేరు ఒకటి చెప్పి, అది వచ్చా అన్నాడు. వచ్చు అనబోయాను. కానీ పొయ్యి మీద చారు మరుగుతోంది, ఎదురుగా పెద్దన్న గరిటె పట్టుకుని నిలబడ్డాడు, నోటికి పట్టిన అలవాటు నన్నడక్కుండానే, "డన్నో. గొన్నా లెర్న్" అనేసింది. పెద్దన్న నెత్తి కొట్టుకున్నాడు. టికెట్, విమానం, మా నాన్నగారి ముఖం వరసగా కళ్ళముందు తిరిగాయి.

అప్పుడు ఫోన్‌లో ఆ మేనేజర్ పకపకా నవ్వాడు. ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ళ ఆఫీస్‌లోనే తయారుచేసుకున్నదట, బయటివాళ్ళకి తెలిసే దారే లేదట, అయినా పొద్దున్నుంచి మాట్లాడినవాళ్ళందరూ ఏళ్ళ తరబడి అనుభవం ఉందన్నారట. సోమవారం వచ్చి చేరమన్నాడు. ఫోన్ పెట్టేశాక పెద్దన్న నన్ను అమాంతం ఎత్తి తిప్పి, "అరే, నిజం చెప్పి గెలిచినవ్ రా! ఇయ్యాల గిన్నెలు నేనే తోముత" అన్నాడు. పొంగిన చారు సంగతి ఎవరికీ పట్టలేదు.

ఇప్పుడు మా చర్చికి వచ్చే కొత్త కుర్రాళ్ళు ఎవరి గదిలో వాళ్ళు తలుపేసుకుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కంప్యూటర్‌తో ప్రాక్టీస్ చేస్తారు. అది ఓపికగా దిద్దుతుంది, ఉచ్చారణకి మార్కులు కూడా వేస్తుంది. వాళ్ళ ఇంగ్లీషు మాకంటే ఎంతో నయం, కాదనను. కానీ ఉద్యోగం వచ్చిందన్న ఫోన్ పెట్టేసి ఆ పిల్లవాడు తలుపు తీసుకుని బయటికి వస్తే, వంటింట్లో ఎత్తి తిప్పేవాళ్ళు ఎవరైనా ఉంటారో లేదో అని మాత్రం ఒక్కోసారి అనిపిస్తుంది.