కొండకో కొలత, సముద్రానికో కొలత

మా పెదనాన్న కొండలు చేసి అమ్ముతాడు. నమ్మనివాళ్లు కొట్టుకు వచ్చి చూసుకోవచ్చు. మెత్తటి చెక్క పలక మీద దేశాలూ సముద్రాలూ ఎత్తుపల్లాలతో సహా యంత్రంతో చెక్కి బడులకూ ఆఫీసులకూ ఇస్తాడు. ఆ యంత్రానికి అంకెలు మేపేది నేను. తొమ్మిదో తరగతిలోనే చదువు నన్ను చూసి జడుసుకుని పారిపోయింది. అయినా భూగోళం మొత్తాన్ని టీ చల్లారేలోపు కంప్యూటర్‌లోకి దించిన మొనగాణ్ణి ఈ వీధిలో నేనొక్కణ్ణే.

అలా దించాల్సిన అవసరం మా అత్త వల్ల వచ్చింది. అత్త అంటే పెదనాన్నకు చెల్లెలు. పుట్టుకతోనే చూపు లేదు. అన్న చేసిన పలకలు తడిమే ప్రపంచం నేర్చుకుంది. ఆమె భర్త ఓడలో వంటవాడు. ఆ ఓడ మునిగింది. మనిషి దొరకలేదు, మునిగిన చోటు మాత్రం కంపెనీవాళ్లు ఫోన్ చేసి చెప్పారు. అత్త కొట్టుకు వచ్చి, "అన్నయ్యా, ఆయన ఎంత లోతులో ఉన్నాడో నా వేలికి చూపించు" అంది.

భూమి ఎత్తులోతుల అంకెలు సన్న వివరాలతో దించబోతే మా ముసలి కంప్యూటర్ గుడ్లు తేలేసింది. వెతగ్గా వెతగ్గా ముతక రకం దొరికింది. భూమినంతా గడులుగా కోసి, గడికి ఒక్క అంకె ఇచ్చారు. ఆ గడిలో గుట్టలున్నా గోతులున్నా అన్నిటికీ కలిపి ఒకటే సగటు. సముద్రమైతే అంకె ముందు మైనస్.

ఉన్నది ఉన్నట్టు చెక్కితే బల్లంత ప్రపంచంలో ఎంత పెద్ద కొండయినా గోటికి తగలదు. అందుకే మేము ఎత్తునూ లోతునూ రెండు వందల రెట్లు పెంచుతాం. నేను మీట నొక్కబోతుంటే పెదనాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"సముద్రానికి మాత్రం ఇరవై రెట్లు చాల్లే."

"మరి కొండలు?"

"వాటి జోలికి పోకు."

ఒక్క నొక్కుతో సముద్రాలన్నీ ఇంకించేశాను.

మర్నాడు పెదనాన్న అత్త వేలు పట్టుకుని ఆ చోట పెట్టాడు. "ఇదేనమ్మా. ఈ గడిలో ఎక్కడో."

"గడి ఎంతుంటుంది?"

"నడిస్తే నాలుగు రోజులు."

"పోనీలే. ఓడలో కాళ్లు చాపుకోడానికి చోటు లేదని ఎప్పుడూ సణిగేవాడు."

ఆమె చెయ్యి కొండల మీదికి పోయింది, మళ్లీ సముద్రానికి వచ్చింది, మళ్లీ కొండలకు పోయింది.

"కొండకో కొలత, సముద్రానికో కొలత పెట్టావేం అన్నయ్యా?"

"వీడు అంకెలు తప్పు ఎక్కించాడు."

మీద పడ్డ నిందను నోరు మూసుకుని మోయడం నాకదే మొదటిసారి.

"అల్లుడు కోతలు కోస్తాడు గానీ లెక్క తప్పడు," అంది అత్త. "మళ్లీ చెక్కు."

మధ్యాహ్నమంతా యంత్రం చెక్కలోకి దిగుతూనే ఉంది. అత్త స్టూలు మీద కూర్చుని ఆ చప్పుడు వింటూ ఉండిపోయింది. చెక్క పొడి ఆమె జుట్టు మీద పేరుకుంది. ఆగాక పెదనాన్న పొడి ఊది, పక్కకు తిరిగి నిలబడ్డాడు.

అత్త వేలు రెండో కణుపు దాకా దిగింది.

"అక్కడ చలిగా ఉంటుందేమిరా అల్లుడూ?"

నేను దించిన అంకెల్లో దానికి జవాబు లేదు. లేనిది పుట్టించి చెప్పడం నాకు రాని విద్య కాదు. ఆమె జుట్టు మీది పొడి మాత్రం దులిపాను.

పెదనాన్న కొట్టు షట్టరు దించబోయి ఆగాడు. అత్త వేలు ఇంకా పైకి రాలేదు.