సాకు రుచి చూసే లాయరు

మా లాయరుగారికి ఒక్కటే పిచ్చి. తాగి బండి నడిపాడని పోలీసులు పట్టుకున్నవాడు ఏ సాకు చెప్పినా, దాన్ని కోర్టులో పెట్టేముందు తన నోట్లో పెట్టుకుని చూసేవారు. పోలీసు మిషనులో ఊదితే అంకె దగ్గుమందు వల్ల వచ్చిందని ఒకడంటే దగ్గుమందు తాగేవారు. పుక్కిలించే మందని ఇంకొకడంటే ఆ సీసా మూత తీసేవారు. బాగా మగ్గిన అరటిపళ్లని ఎవడో అన్నాడని ఒకే మధ్యాహ్నం పదకొండు మింగి, రెండు రోజులు వాయిదా అడిగారు. జన్మలో చుక్క ముట్టని మనిషి. దగ్గరికెళితే మాత్రం గుప్పుమనేది.

నోట్లో వేసుకున్నాక నేరుగా నా షాపుకి వచ్చేవారు. నేను తూకాలు, మీటర్లు బాగుచేస్తాను. చదివింది లేదు, విప్పి చూసి నేర్చుకున్న పని. పోలీసులు ఊదించే మిషను నెలకోసారి తనిఖీకి నా దగ్గరికే వచ్చి రెండు రోజులుండేది, ఆ రోజులు చూసుకుని ఆయన దిగేవారు. అంకె ముప్పై దాటితే కేసు.

"ఒక్కసారి ఊదనివ్వవయ్యా."

"ఇవాళేం తాగొచ్చారండీ?"

"దగ్గుమందు. రెండు మూతలు."

ఊదేవారు, అంకె ఎగిరేది. పావుగంట కూర్చుని మళ్లీ ఊదేవారు. సున్నా. వెంటనే కక్షిదారుకి ఫోను. "నీ దగ్గుమందు పావుగంటకే చచ్చిపోయిందయ్యా. నిన్ను పట్టుకున్న గంటకి కదా ఊదించారు? నేరం ఒప్పేసుకో. పక్కన నేను నిలబడతాలే."

పదిమందిలో ఎనిమిదిమందికి ఇదే సలహా. లాయరుగారి ఆవిడ మా ఆవిడతో వాపోయేది. "తాగినవాళ్లంతా గుండ్రాయిల్లా ఉన్నారు వదినా, ఈయనకే పొట్ట పాడైంది."

"మొహం చూస్తేనే తెలుస్తుంది కదండీ వాడు అబద్ధమాడుతున్నాడని. ఈ కష్టం దేనికి?" అన్నాను ఒకసారి.

"మనిషి మాట అబద్ధం అనేముందు కాస్త రుచైనా చూడొద్దటయ్యా?"

పగలబడి నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఎందుకంటే, ఆ మిషనులో చిన్న ఫ్యాను ఉంటుంది. ఒకరు ఊదాక ఆ ఊపిరిని గొట్టంలోంచి బయటికి తోస్తుంది. అది తిరుగుతోందో లేదో మూత విప్పి చూడాలి. తొమ్మిదేళ్లు విప్పి చూశాను. ఒక నెల పని మీదపడింది. నాలుగు మరలు విప్పడానికి బద్ధకించి, చూశానని పుస్తకంలో సంతకం గిలికాను.

ఆ సాయంత్రమే లాయరుగారు వచ్చి, పుక్కిలించి, ఊదారు. తొంభై. అరగంట కూర్చుని మళ్లీ ఊదారు. నలభై ఒకటి.

ఆయన మిషను వైపు అనుమానంగా చూశారు. "దీన్ని ఓసారి విప్పి చూడవయ్యా."

"మిషను అబద్ధమాడదు లాయరుగారూ. మనుషులే ఆడతారు."

ఆయన వెళ్లిపోయారు. నేను తిన్నగా టీ కొట్టుకి వెళ్లి, "మన లాయరుగారు మొత్తానికి మొదలెట్టార్రోయ్" అని చెప్పాను. తెల్లారేసరికి వీధంతా పాకింది. పనివాణ్ణని మీసం తిప్పేవాణ్ణి, పనిముట్టుని అనుమానించకుండా మనిషిని అనుమానించాను.

మూడోరోజు పొద్దున పోలీసులు స్కూలు బస్సు డ్రైవరుని ఆపారు. అతనికి ముందు ఒక లారీ డ్రైవరు తూలుతూ ఊది వెళ్లాడు. వెనకే ఇతను. ముప్పై ఎనిమిది. దగ్గుబిళ్ల తప్ప ఏమీ వేసుకోలేదని మొత్తుకున్నా ఎవరూ వినలేదు. స్కూలువాళ్లు తాళంచెవి లాక్కున్నారు. లైసెన్సు కూడా పోతే ఇక జన్మలో బస్సెక్కలేడు.

లాయరుగారు డబ్బా దగ్గుబిళ్లలు చప్పరించి, ఇంకెక్కడో మంచి మిషను వెతికి ఊదారు. సున్నా. ఈసారి మాత్రం నేరం ఒప్పుకోమనలేదు. ఫ్యాను ఆగిపోయి గొట్టంలో మిగిలిన పాత ఊపిరే తన నలభై ఒకటని ఆయనకి అప్పటికి అర్థమైంది.

విచారణ ముందురోజు షాపుకొచ్చారు. "రేపు నిన్ను సాక్షిగా పిలుస్తున్నానయ్యా. ఫ్యాను సంగతి అడుగుతాను. ఏం చెప్పాలో నేను చెప్పను." అంతే.

కోర్టులో ఆ మిషను బల్లమీద పెట్టించి, జేబులోంచి సీసా తీశారు.

"ఏమిటది?" అన్నారు జడ్జిగారు.

"పుక్కిలించి ఊదుతానండి."

"ఇక్కడా?"

"ఇక్కడైతే అందరికీ కనబడుతుందండి."

తొంభై రెండు వచ్చింది. తర్వాత తలుపు దగ్గరున్న బంట్రోతుని పిలిచి ఊదమన్నారు. ముప్పై తొమ్మిది.

జడ్జిగారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఏం తాగావు?"

"మంచినీళ్లండయ్యా. తమరి కూజాలోవేనండి." బంట్రోతు రెండు చేతులూ జోడించాడు. "మా ఆవిడకి చెప్పకండయ్యా."

అందరూ నవ్వారు, నేను తప్ప. నన్ను బోనెక్కించి, లాయరుగారు తనిఖీ పుస్తకం చూపించారు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"ఆ రోజు మూత విప్పారా?"

విప్పానంటే నా షాపు నిలుస్తుంది. డ్రైవరు మూలన నిలబడి నా నోటివైపే చూస్తున్నాడు.

"లేదండి. విప్పకుండా పెట్టాను."

"అంతకుముందు తొమ్మిదేళ్ల సంతకాలు?"

"అన్నీ విప్పి చూసి పెట్టినవే."

"దీన్ని బాగుచేసే పని ఈయనకే ఇప్పించమని మనవి" అన్నారు లాయరుగారు జడ్జిగారితో. "ఇంత సిగ్గుపడ్డవాడు ఇక బద్ధకించడండి."

కేసు కొట్టేశారు. ఆ నెలలో ఊదినవాళ్ల కేసులన్నీ మళ్లీ చూడమన్నారు. మర్నాడు పొద్దున్నే డ్రైవరు దగ్గరికెళ్లి చేతులు పట్టుకున్నాను. "పిల్లలు ఎదురుచూస్తుంటారు బాబాయ్, కాస్త జరుగు" అని బస్సు తీశాడు.

అక్కణ్ణించి లాయరుగారింటికి వెళ్లాను. "టీ కొట్టులో అందరికీ చెప్పేస్తానండి, మీరు తాగలేదని."

"కొంప ముంచకు." ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. "కేసయ్యాక తాగేవాళ్లెవరూ నా గుమ్మం తొక్కేవాళ్లు కాదు, తాగనివాడు నీతులు చెబుతాడని. నువ్వు ఆ మాట పుట్టించాక ముగ్గురు వాళ్లంతట వాళ్లే వచ్చారు, 'మీకూ ఉందటగా, మానడం ఎలాగండీ' అంటూ. ఇద్దర్ని ఆసుపత్రిలో చేర్పించాను. మూడోవాడు ఇంకా వెనకాడుతున్నాడు. వాడు కుదుటపడేదాకా నేను తాగుబోతునే. నోరు మూసుకో."

మూసుకున్నాను. మూడోవాడు పోయినవారం ఆసుపత్రినించి ఇంటికొచ్చాడు. లాయరుగారు తనే నిజం చెప్పేసి, నాకు రాసుకోవడానికి సెలవిచ్చారు. మోసం చేశారని వాడు అరగంట తిట్టిపోసి, మర్నాడు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు.