అక్టోబర్‌లో బయటపడబోయే ఇష్యూ

అమెరికాలో మా కాంగ్రెస్‌మన్‌కి, అంటే మా జిల్లా ఎంపీకి, దేవుడు గొంతు ఒక్కటే ఇచ్చాడు. మిగతాదంతా ఆ గొంతే సంపాదించి పెట్టింది. డెబ్భైల మొదట్లో నేను ఆ ఊళ్ళో దిగేనాటికి అతను స్థానిక రేడియోలో హైస్కూలు ఫుట్‌బాల్ ఆటలకి వ్యాఖ్యానం చెప్పేవాడు. బంతి గీత దాటిందని అతను అరిస్తే పక్క జిల్లా ఆవులు పాలివ్వడం మరిచిపోయేవి. ఇది నేను స్వయంగా చూడలేదు కానీ ఆ ఆవుల మొహాలు చూశాను.

ఒకనాడు టౌన్‌హాల్లో మైకు పట్టుకుని తన ఇంటిపన్ను నోటీసుని జనం ముందు చించి పారేశాడు. దాన్ని మొదట రెండుగా, తర్వాత నాలుగుగా, ఆ తర్వాత అటుకుల్లాగా చించాడు. ఆ అటుకుల మీద నడుచుకుంటూ స్కూలు బోర్డులోకి, అక్కణ్ణించి రాష్ట్ర అసెంబ్లీలోకి, కొత్త ప్రెసిడెంటు గాలి వీచినప్పుడు ఏకంగా వాషింగ్టన్‌కి వెళ్ళిపోయాడు. ఊరు రెండు ముక్కలైంది. మా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ క్యాంటీన్లో అతణ్ణి మెచ్చేవాళ్ళు కిటికీ వైపూ, తిట్టేవాళ్ళు కాఫీ మిషను వైపూ కూర్చునేవాళ్ళు. నేను ఇంజనీరుని గనక రెండు వైపుల బరువూ లెక్కగట్టి మధ్యలో కూర్చునేవాణ్ణి.

టీవీలో అతను మూడు సంగతులే మాట్లాడేవాడు. బడుల్లోకి ప్రార్థన తిరిగి రావాలి, పన్నులు పోవాలి, బయటి దేశాలవాళ్ళు రావడం ఆగాలి. మూడోది వచ్చేసరికి గొంతు తారస్థాయికి వెళ్ళేది. నేను టీవీ సౌండు తగ్గించేవాణ్ణి. పక్కింటివాళ్ళ టీవీలోంచి గోడ దూరి మరీ వచ్చి నన్ను పొమ్మనేవాడు.

ఎనభైల మొదట్లో ఒక వేసవిలో నా భార్య అయిదో నెల కడుపుతో, చెల్లెలి పెళ్ళికని ఇండియా వెళ్ళింది. రైల్లో ఎవడో ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ కొట్టేశాడు. అందులో దువ్వెన, ఇంగువ డబ్బా, గ్రీన్‌కార్డు ఉన్నాయి. దువ్వెన వాడుకుంటాడు, ఇంగువ వాడుకుంటాడు. గ్రీన్‌కార్డు వాడేం చేసుకుంటాడో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. అది లేకపోతే ఆవిణ్ణి విమానం ఎక్కనివ్వరు. దాని బదులు వీసా ఆఫీసు ఒక ఉత్తరం ఇవ్వాలి. అది ఇవ్వాలంటే వాళ్ళకి ఆవిడ ఫైలు కావాలి. ఫైలు అక్కడుందని ఇక్కడివాళ్ళు, ఇక్కడుందని అక్కడివాళ్ళు. ఆగస్టు వచ్చింది. ఫైలు మటుకు రెండు దేశాల మధ్య సముద్రంలో ఈత కొడుతోంది.

ఆ ఊళ్ళో నేను కాక ఇంకొక్క తెలుగువారే ఉండేవారు. గుంటూరు డాక్టరుగారు, నాకంటే పదేళ్ళు పెద్ద. ఆయన లెక్క స్పష్టంగా చెప్పారు.

“ఎనిమిదో నెల నిండితే ఏ ఎయిర్‌లైనూ ఎక్కించుకోదోయ్. నీకు నెలన్నర టైముంది. ఆ తర్వాత కాన్పు అక్కడే. పుట్టిన బిడ్డకీ తల్లికీ మళ్ళీ కొత్తగా కాగితాలు. ఏడాదో, రెండేళ్ళో ఎవడు చెప్పొచ్చాడు?”

ఆ మాటతో నా తిండి పోయింది. వారం రోజుల్లో ఎంత చిక్కానంటే నా ప్యాంటు నాకంటే ముందు నడిచేది.

అప్పుడు మా ఫ్యాక్టరీ ఫోర్‌మన్ సలహా ఇచ్చాడు. “మీ కాంగ్రెస్‌మన్‌కి రాయి. ఆఫీసుల్లో చిక్కుపడ్డ కాగితాలు విడిపించడమే వాళ్ళ పని.”

డాక్టరుగారు అదిరిపడ్డారు. “పులి నోట్లో తలపెట్టి, తలనొప్పికి మందడిగినట్టుంది! నీ పేరు చూస్తే చాలు, నీ కార్డు కూడా లాక్కుంటాడు.”

అయినా రాశాను. రాయడం నాకు రాదని కాదు. మా నాన్న తాలూకాఫీసులో హెడ్‌గుమాస్తా. అర్జీ రాయడం నాకు ఉగ్గుపాలతో పట్టించారు. అర్జీ అన్నాక కుటుంబ వివరాలుండాలి. మన అర్జీల్లో పిల్లల్ని పిల్లలనరు, ఇష్యూ అంటారు. పిల్లల్లేకపోతే ‘ఇష్యూస్ నిల్’. ఆ పద్ధతిలోనే ఇంగ్లీషులో మూడు పేజీలు దంచాను. అందులో ముఖ్యభాగం తెలుగులో ఇది:

‘ఇంతవరకు నాకు ఇష్యూలు ఏవీ లేవు. నా మొదటి ఇష్యూ అక్టోబర్ నెలలో బయటికి రాగలదు. తమరు వెంటనే కలగజేసుకోని పక్షంలో సదరు ఇష్యూ విదేశంలో బయటపడును. అటుపిమ్మట నా చేతిలో ఏమియూ ఉండదు. భార్య విషయమై జతపరచిన కాగితాలు చూడగలరు.’

జతపరచిన కాగితాలు జతపరచడం మర్చిపోయాను.

అయిదో రోజు ఫ్యాక్టరీకి ఫోనొచ్చింది. కాంగ్రెస్‌మన్ సెలవులకి ఊళ్ళోనే ఉన్నారట. రేపు పది గంటలకి స్వయంగా కలుస్తారట. “ఈలోగా దయచేసి ఎవరితోనూ మాట్లాడకండి,” అంది సెక్రటరీ. గొంతు చాలా మెల్లగా, డబ్బాలో పెట్టి మూతపెట్టినట్టుంది.

నేను వెంటనే డాక్టరుగారితో మాట్లాడాను.

“స్వయంగానా?” అన్నారాయన. “పాస్‌పోర్టు తీసుకెళ్ళు. ఒక జత బట్టలు కూడా.”

మర్నాడు బట్టలున్న బ్రీఫ్‌కేసుతో వెళ్ళాను. అతని బల్ల మా కల్యాణమండపమంత ఉంది. బల్లకి అటు కాంగ్రెస్‌మన్, పక్కన ప్లీడరు, గోడకానుకుని చేతులు కట్టుకున్న ఒక మెడలేని మనిషి, మూలన పెద్ద వయసు సెక్రటరీ. అందరూ నా బ్రీఫ్‌కేసునే చూస్తున్నారు. నా ఉత్తరం బల్ల మధ్యలో, శవంలాగా, ఎర్రగీతలతో పడుంది.

ఎవరూ కూర్చోమనలేదు. ప్లీడరు మొదలుపెట్టాడు.

“ఇది ఎన్నాళ్ళుగా సాగుతోంది?”

“ఏడో నెల సార్.”

“దీని వెనకాల ఎవరున్నారు?”

“నేనొక్కణ్ణే సార్,” అన్నాను. అడగాల్సిన ప్రశ్నేనా అనిపించింది కానీ పరాయి దేశం, ఏమైనా అడుగుతారు.

“ఇంకెవరికి తెలుసు?”

“మా డాక్టరుగారికి సార్. ఆయన ఫొటో కూడా చూశారు.”

ప్లీడరు చేతిలో పెన్ను ఆగింది. కాంగ్రెస్‌మన్ మొదటిసారి నోరు తెరిచాడు. ఆవుల్ని బెదరగొట్టిన గొంతు గుసగుసగా వచ్చింది.

“ఫొటో ఉందా?”

“ఉంది సార్, అంత స్పష్టంగా లేదు. కాళ్ళు మటుకు బాగా కనిపిస్తాయి.”

నేను చెప్పింది స్కాన్ బొమ్మ గురించి. ఇండియా వెళ్ళేముందు డాక్టరుగారే తీయించారు. గదిలో మాత్రం గాలి గడ్డకట్టింది. కాంగ్రెస్‌మన్ మొహం సున్నం కొట్టిన గోడయింది. మెడలేని మనిషి నెమ్మదిగా వెళ్ళి తలుపు మూశాడు. నేను బ్రీఫ్‌కేసుని గుండెకి హత్తుకున్నాను. అయిపోయింది, ఇంక నన్ను విమానం ఎక్కించేస్తారు, ఆవిడ ఇటూ నేను అటూ గాల్లో ఎదురుపడతాం అనుకున్నాను.

“ఆ ఫొటో ఎక్కడ?” అన్నాడు ప్లీడరు.

“నా భార్య దగ్గర, మద్రాసులో.”

“నీకేం కావాలి? సూటిగా చెప్పు.”

“నా భార్య కావాలి సార్.”

మూలనున్న సెక్రటరీ లేచి ఉత్తరం చేతిలోకి తీసుకుంది. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివింది. నా మొహం చూసింది.

“బాబూ, మీ ఆవిడ కడుపుతో ఉందా?”

“అదే కదమ్మా నేను మూడు పేజీలు రాసింది!”

“ఈ మనిషి చెప్పేది బిడ్డ గురించండీ,” అందావిడ కాంగ్రెస్‌మన్‌తో. “అక్టోబర్‌లో కాన్పు.”

నాకప్పుడు తెలిసింది. వాళ్ళ రాజకీయాల్లో ఇష్యూ అంటే రచ్చ. ఎన్నికలు నవంబర్ మొదటివారంలో. ఎవడో విదేశీ పేరువాడు అక్టోబర్‌లో ఏదో బయటపెడతానని బెదిరిస్తూ మూడు పేజీలు రాస్తే వాళ్ళు నాలుగు రోజులు నిద్రపోలేదు. అతని మొహం ఎందుకంత తెల్లబడిందో, అలాంటి ఫొటో నిజంగానే ఎక్కడైనా ఉందో నాకు తెలియదు. అడిగే పరిస్థితి కాదు.

ఎవరైనా నవ్వుతారని చూశాను. నవ్వలేదు. అతను కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికెళ్ళి వీపు మా వైపు పెట్టాడు. ఆ వీపు టెన్నిస్ కోర్టంత ఉంది. దాని మీద నా భార్య, బిడ్డ, మిగిలిన నెలరోజుల టైము అంతా ఆరబెట్టినట్టనిపించింది. అతని కోపం తగ్గితే మా సంసారం ఇక్కడ, లేకపోతే అక్కడ.

“నీకు ఓటుందా?” అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. “లేదు సార్. సిటిజన్ని కాను.”

“గ్రీన్‌కార్డు ఎలా వచ్చింది?”

“అప్లై చేసి, క్యూలో నిలబడి.”

“ఎన్నాళ్ళు?”

“నా జుట్టున్నన్నాళ్ళూ సార్.”

అతను తిరిగి నా బట్టతల చూశాడు. నేను హాస్యమాడలేదు. ఉన్నదున్నట్టే చెప్పాను.

“క్యూలో నిలబడ్డవాణ్ణి నేనెప్పుడూ తోయలేదు,” అని సెక్రటరీ వైపు వేలు చూపించాడు. “వాషింగ్టన్‌కి ఫోన్ కలుపు. ఆ ఫైలు దొరికేదాకా పెట్టేయొద్దను.” తర్వాత నాతో, “ఆమె దిగేరోజు నేను ఎయిర్‌పోర్టుకొస్తాను. ఫొటోగ్రాఫర్‌తో. పద్ధతి ప్రకారం వచ్చిన కుటుంబం ఎలా ఉంటుందో జనం చూడాలి.”

మా ఫొటో చూపించి, మిగతావాళ్ళనందర్నీ ఆపేయమంటాడని నాకు తెలుసు. ఆలోచిస్తే సిగ్గేస్తుందని ఆలోచించకుండానే సరేనన్నాను. డాక్టరుగారు రెండురోజులు నాతో మాట్లాడలేదు. “ఓట్ల సంతలో దిష్టిబొమ్మవయ్యావు కదటోయ్,” అన్నారు మూడోరోజు. ఆయన మాటా నిజమే.

ఫైలు మూడు వారాల్లో దొరికింది. ఎనిమిదో నెల నిండడానికి నాలుగు రోజులుందనగా ఆవిడ విమానం ఎక్కింది. మా ఊరికి మూడు గంటల దూరంలో ఉన్న పెద్ద ఎయిర్‌పోర్టులో మధ్యాహ్నం దిగాలి. కాంగ్రెస్‌మన్ పూలగుత్తితో, ఫొటోగ్రాఫర్‌తో నిలబడ్డాడు. విమానం దిగింది. జనం వచ్చారు, వారి పెట్టెలొచ్చాయి, ఎవరిదో వీణ కూడా వచ్చింది. ఆవిడ రాలేదు.

గంటయింది. అతను వాచీ చూసుకున్నాడు. తలుపు దగ్గరున్న గార్డుని అడిగాడు.

“నేనెవరో తెలుసా?”

“తెలియదు. గీత వెనక్కి జరగండి,” అన్నాడు గార్డు.

అతను జరిగాడు. ఆ గొంతు పనిచేయని చోటు ఒకటుందని నాకప్పుడే తెలిసింది, సంతోషించే ఓపిక మటుకు లేదు. లోపల ఆవిణ్ణి వెనక్కి పంపేస్తున్నారేమో. రెండో గంట గడిచింది. సాయంత్రం అయిదింటికి మాజీ సైనికుల హాల్లో అతని ఉపన్యాసం, ఇంకాగలేడు. పూలగుత్తి నా చేతిలో పెట్టి, భుజం నొక్కి, ఫొటోగ్రాఫర్‌ని తీసుకుని వెళ్ళిపోయాడు.

పావుగంటకి తలుపు తెరుచుకుంది. వీల్‌చెయిర్లో ఆవిడ, కాళ్ళు బూరెల్లా వాచి, మొహం పీక్కుపోయి వచ్చింది. నా చేతిలో పూలు చూసింది.

“అవెందుకండీ, నీళ్ళున్నాయా?”

వీసా ఆఫీసు ఇచ్చిన ఉత్తరాన్ని లోపలివాళ్ళు నలుగురికి చూపించి, నలుగురితో సంతకాలు పెట్టించి వదిలారట. “ఇంకో అరగంట కూర్చోబెడితే ఆ బల్ల మీదే కనేసేదాన్ని,” అంది.

దారిలో కారు రేడియో పెట్టాను. మాజీ సైనికుల హాలు. అతనే. ఈ మధ్యాహ్నం తాను స్వయంగా ఒక నిండు గర్భిణికి స్వాగతం చెప్పాననీ, ఆమె తన చేయి పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకుందనీ చెబుతున్నాడు. నేను కట్టేయబోయాను.

“ఉంచండి, నా గురించే కదా.” ఆవిడ శ్రద్ధగా వింది. చేతులు రెండూ పైకెత్తి చూసుకుంది. “ఏ చెయ్యట?”

“చెప్పలేదు.”

“అలాంటివాళ్ళు ఇంకెవరూ రాకుండా చూస్తానంటున్నాడేంటి మళ్ళీ?”

“అంటున్నాడు.”

ఆవిడ కాసేపు కిటికీలోంచి మొక్కజొన్న చేలు చూసింది. “ఏమండీ, ఎక్కడైనా ఆపండి. నాకు ఆకలి దంచేస్తోంది.”

రోడ్డు పక్క హోటలు ముందు బండి ఆపి తాళం తిప్పాను. అతని మాట సగంలో తెగిపోయింది. ఆవిడ అప్పటికే డోర్ తీసుకుని, పొట్ట పట్టుకుని దిగడానికి తంటాలు పడుతోంది. నేను అటువైపు పరుగెత్తాను.