తోక ఉన్న స్కెడన్

“ఈ పొడుగుతోకను లోపలికి ఎవరు రానిచ్చారు?”

పీల్ ఊరి హాల్లో పిల్లుల పోటీ ఇంకా సరిగ్గా మొదలే కాలేదు, ఫిన్లో కార్లెట్ గొంతు అప్పుడే పైకప్పుకు తగిలింది. మ్యాన్ ద్వీపంలో ఎలుకను ఎలుక అనరు, దరిద్రం చుట్టుకుంటుందని భయం. పొడుగుతోక అంటారు. ఇప్పుడా మాట పడింది బ్రీషా స్కిలికార్న్ పెట్టెలో దర్జాగా పడుకున్న మగపిల్లి మీద. పేరు స్కెడన్, అంటే హెర్రింగ్ చేప. అది చేసిన నేరమల్లా తోకతో పుట్టడం.

“ఎలుక అను. దమ్ముంటే నోరారా అను,” అంది బ్రీషా తాపీగా.

హాల్లో సగం మంది కీడు తగలకుండా గబుక్కున దొరికిన చెక్కనల్లా ముట్టుకున్నారు. జడ్జి కూడా ఒక చేత్తో పిల్లిని, ఇంకో చేత్తో బల్లను పట్టుకున్నాడు.

“అక్కా, ఇది తోకలేని పిల్లుల పోటీ,” అన్నాడు ఫిన్లో, తనూ కుర్చీని వదలకుండా.

“అబ్బో, నాకు తెలీదు పాపం. నీకు మొదటి పిల్లిని ఇచ్చిందెవరో కూడా తెలీదు.”

ఇచ్చింది ఆవిడే. బ్రీషా చేపలకు పొగబెట్టే షెడ్డులో హెర్రింగులు చీలుస్తూ ముసలిదైంది. అక్కడి వెచ్చదనానికి చేరిన తోకలేని ఒక మొండి పిల్లితో ఆవిడ వంశం మొదలైంది. పిల్లి వంశమే, మొగుడిది కాదు. మొగుడు రామ్సేలో బీరు పోసే అమ్మాయితో పోయాడు. ఆ సంగతి ఆవిడ కంటే ముందు పిల్లులకే తెలిసిందని ఊళ్ళో అనుకునేవారు. పోటీకి ముందు వాటిని వంటింటి తొట్టెలో పసిపిల్లల షాంపూతో రుద్దేది. అయినా ఆవిడ పిల్లి బల్లెక్కితే ఆ చేప వాసనకు జడ్జీలకు ఆకలేసేది.

ఆ జడ్జీలు చూసేది ఒక్కటే. తల మీద పెట్టిన అరచెయ్యి వీపు దాటి చివరికొచ్చేసరికి ఖాళీలోకి జారిపోవాలి. ఎముక మొన తగిలిందో, కప్పు పోయినట్టే. ఆ పిచ్చిలో ఫిన్లో తన తోకలేని ఆడపిల్లి ఫెనెల్లాను తోకలేని మగపిల్లితోనే కట్టించాడు. జంటలో ఒకదానికి తోక ఉండాలిరా, లేకపోతే పిల్లల నడుములు నిలవవని బ్రీషా మొత్తుకుంది. ముసలమ్మకు కుళ్ళు అనుకున్నాడు. రెండు ఈతల్లో కొన్ని చచ్చి పుట్టాయి, బతికినవి వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ పాకాయి. వాటిని మందు సూదితో శాశ్వతంగా నిద్రపుచ్చించి, లివర్‌పూల్ వాళ్ళు కొని పట్టుకుపోయారని అందరికీ కోతలు కోశాడు.

ఇవాళ బ్రీషా కావాలనే రచ్చకొచ్చిందని అందరూ అనుకున్నారు. నిజానికి ఆవిడ మోకాళ్ళు పోయాయి. వచ్చే నెల డగ్లస్‌లో వయసు మళ్ళినవాళ్ళుండే ఇళ్ళకు మారుతోంది. అక్కడ పిల్లుల్ని రానివ్వరు. ఆడపిల్లుల్ని జనం కొట్టుకుని మరీ తీసుకెళ్ళారు. స్కెడన్ మిగిలాడు. విత్తులు కొట్టించేసి ఏ పొలంలోనో వదిలెయ్యమని క్లబ్బులో సలహా. అదే జరిగితే ఆవిడ వంశంలో తోక వాడితో ఆఖరు. అందుకే వాణ్ణి వెంటబెట్టుకొచ్చింది.

ఫెనెల్లాకు కప్పొచ్చింది. జడ్జి చెయ్యి వెన్నలా జారింది మరి. ఫిన్లో ఆ కప్పును చంకలో పెట్టుకుని బ్రీషా ముందుకొచ్చి నిలబడ్డాడు. ఎగతాళి చెయ్యడానికే వచ్చాడు, మాట రెడీగా కూడా ఉంది. ఆవిడే ముందడిగింది.

“రెండో ఈతలో ఎన్ని నడిచాయిరా?”

లివర్‌పూల్ అనబోయాడు. కప్పును చంకలోంచి తీసి కింద పెట్టాడు.

“ఒక్కటీ నడవలేదక్కా.”

ఆవిడ పెట్టె తలుపు తీసింది. ఫిన్లో స్కెడన్ తల మీద చెయ్యి వేసి అలవాటుగా వీపు మీదుగా దువ్వాడు. జారిపోవాల్సిన చోట చెయ్యి జారలేదు. తోక వెంట పైకి, దాని కొస దాకా వెళ్ళింది. స్కెడన్ ఆ కొసతో అతని మణికట్టు మీద ఒక్కటేశాడు.

“ఫెనెల్లాకు కడతాను,” అన్నాడు ఫిన్లో నేలకేసి చూస్తూ. “నా దగ్గరే ఉంటాడు. పెరట్లో ఎవరి కంటా పడకుండా చూసుకుంటాను.”

“పెరట్లో దాస్తే నేనివ్వను,” అంది బ్రీషా. “వచ్చే ఏడు వీణ్ణి ఇక్కడికే తీసుకురా. ఫెనెల్లా పక్కన కూర్చోబెట్టు. తోక మాత్రం పెట్టె బయటికి వేలాడెయ్యి.”