జపాను రాతగాడి సంకెళ్లు

సౌదీలోని జుబైల్‌లో వేసవి మధ్యాహ్నాలు ఎండలో పని చేయించకూడదు. మరమ్మతుల కోసం షట్‌డౌన్ జరుగుతున్న ప్లాంటులోనైనా ఆ కాసేపూ పనివాళ్లందరినీ రెస్ట్ షెడ్డులోకి పంపాల్సిందే. మా బావ జ్ఞానరాజు రచయితగా బతికింది ఆ కాసేపే. మిగతా పొద్దంతా పైపులు బిగించే ఫిట్టరు. రాజోలు దగ్గర పుట్టినవాడు. ఒక్క కథా కాగితం మీద పెట్టలేదు. అయినా నేను అతన్ని రచయితనే అంటాను. అదే సైటులో స్టోరు చూసుకునేవాణ్ని కాబట్టి చాలా కథలు నేనూ విన్నాను.

చివరి వేసవిలో చెప్పింది జపాను కథ. అంతకుముందెప్పుడో ఒక జపాను ఇంజనీరు టీ తాగుతూ, వాళ్ల దేశంలో రెండు వందల ఏళ్ల కిందట చవక పుస్తకాలు రాసి బతికిన వాళ్ల గురించి రెండు ముక్కలు చెప్పాడట. ఆ రెండు ముక్కల్లోంచి బావ ఒక మనిషిని పుట్టించాడు. పడవవాళ్లూ, మూటలు మోసేవాళ్లూ అద్దెకు తెచ్చుకుని చదివే నవ్వుల పుస్తకాలు రాస్తాడతను. పెద్దలను ఎగతాళి చేశాడని సర్కారు చేతులకు సంకెళ్లు వేసి సొంతింట్లోనే కూర్చోబెడుతుంది. సంకెళ్ల మీద కాగితం ముద్ర. అది చిరిగిందేమోనని ఒక అధికారి వచ్చి చూసిపోతుంటాడు.

ఆ అధికారికి మా ఫోర్‌మన్ భూమేష్ అలవాటు అంటించడమే బావ చేసిన పొరపాటు. భూమేష్ జగిత్యాల వైపు మనిషి. మనుషుల లెక్క తీసేటప్పుడు ఒక్కొక్కరి భుజం మీదా పెన్నుతో తట్టేవాడు. కథలో అధికారి కుంచెతో తట్టాడు. షెడ్డంతా నవ్వింది. మర్నాడు భూమేష్ లెక్కకు వచ్చి మొదటి భుజం తట్టగానే వెనకనుంచి ఎవరో, "జపానాయనొచ్చాడు" అన్నారు. నవ్వాపుకోలేక ఒకడు అన్నం డబ్బా కింద పడేశాడు.

భూమేష్ నవ్వలేదు. వచ్చి బావ ముందు నిలబడ్డాడు.

"రాజన్నా, నా మీద కతలు జెప్తున్నవంట."

"నీ మీద కాదు భూమేషూ, జపానోడి మీద."

"మరి జపానోనికి నా పెన్నెందుకయ్యా?"



షట్‌డౌన్ అయ్యాక ఎవరిని ఉంచాలో, ఎవరికి ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపాలో భూమేష్ మాట మీదే తేలేది. బావ నివాస పర్మిట్టు, ఇకామా, గడువు కూడా దగ్గరపడింది. మా అక్క కృపామణి అదే ఊళ్లో ఆస్పత్రి నర్సు. పెళ్లయ్యాక ఆమె ఇక్కడ, అతను మస్కట్‌లో. ఏళ్ల తరబడి అలా గడిచాక ఒక్క ఊరికి చేరారు. హాస్టల్లో ఆమె, క్యాంపులో అతను ఉన్నా శుక్రవారం సాయంత్రం సముద్రం ఒడ్డున కలిసి అన్నం తినేవారు. ఎగ్జిట్ పడితే అదీ పోతుంది.

"కథ ఆపేయండి. నోరు మూసుకుని కూచుంటే ఏం పోద్దండి?" అంది అక్క ఆ శుక్రవారం.

"సంకెళ్లు నా రాతగాడికేసింది చాలదా కృపా, నాక్కూడానా?" అన్నాడు బావ. ముద్ద మాత్రం సగంలో వదిలేశాడు.

మర్నాడు భూమేష్ లెక్క ముగించి వెళ్లిపోలేదు. బెంచీ చివర కూర్చున్నాడు.

"చెప్పు. నేను గూడ ఇంట."

డబ్బాల మూతల చప్పుడు ఆగింది. 

బావకో పద్ధతుంది. ఇవాళ ఏం చెప్పాలో ముందే అనుకునేవాడు కాదు. షెడ్డులో బాగా అలిసిపోయిన మొహమొకటి వెతుక్కుని, ఆ మనిషి కోసం చెప్పేవాడు. ఆ రోజు కూడా బెంచీలన్నీ కలియజూశాడు. చూపు భూమేష్ దగ్గర ఆగింది. పని వెనకబడిందని పొద్దున్నే మేనేజరు అతన్ని అందరి ముందూ తిట్టాడు. చొక్కా మీద చెమట ఆరి ఉప్పు చారలు కట్టింది.

బావ మొదలుపెట్టాడు. అధికారి తెల్లారకముందే బయల్దేరాడు. ముద్ర చిరిగితే ముందు శిక్ష అతనికే. అతన్ని చూస్తే జనం తలుపులు మూసుకుంటారు, మంచినీళ్లైనా ఇవ్వరు. రాతగాడి ఇంటికొచ్చేసరికి గుమ్మంలో కూలబడ్డాడు. రాతగాడు లేచాడు. కుండ వంచబోతే ముద్ర చిరిగేలా ఉంది. వంచకపోతే ఎదురుగా మనిషి దాహంతో పోయేలా ఉన్నాడు.

అక్కడ ఆపాడు. రోజూ అలాంటి చోటే ఆపేవాడు. ఆ రోజు మాత్రం అందరూ భూమేష్ వైపే చూశారు.

భూమేష్ లేచి హెల్మెట్ పెట్టుకున్నాడు. బావ దగ్గరికొచ్చి పెన్ను తీశాడు.

"నీళ్లు వోసిండా?"

"రేపు చెప్తాను."

"రేపు నువ్వుంటే గద."

"అది నిన్నే అడగాలి భూమేషూ."

భూమేష్ పెన్నుతో బావ భుజం తట్టాడు.

"ఉంటవ్ తియ్. గని నీళ్లు వోయకుంటె మాత్రం ఊకోను."

ఇకామా రెన్యూ అయింది. మర్నాటి కథలో రాతగాడు మోచేతులతో కుండ వంచి నీళ్లు పోశాడు. ముద్ర చిరగలేదు. సంకెళ్లు మాత్రం బావ తీయలేదు, వేసవంతా సాగదీశాడు. ఎందుకని నేనడిగితే, "తీసేస్తే ఆయన నన్నెందుకు ఉంచుతాడ్రా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, కానీ కళ్లు భూమేష్ ఎక్కడున్నాడా అని వెతుకుతున్నాయి. ఎండలు తగ్గాక మధ్యాహ్నపు విరామం ఎత్తేశారు. సంకెళ్లు వచ్చే వేసవికి తీస్తానన్నాడు బావ.

చలికాలంలో, పని మీద ఉండగానే గుండె ఆగి పోయాడు. అక్క పనిచేసే ఆస్పత్రికే తెచ్చారు. బావను ఊరికి పంపే కాగితాల కోసం నేను వరండాలో కూర్చుంటే భూమేష్ వచ్చి పక్కన కూర్చున్నాడు. పెన్ను వేళ్ల మధ్య తిప్పుతూ అడిగాడు.

"సంకెళ్లు ఎట్ల తీద్దామనుకున్నడో నీకేమన్న జెప్పిండా?"

చెప్పలేదన్నాను.

"రేపు లెక్కకు పోతె పోరలు నన్నే అడుగుతరు గదనే" అన్నాడు.