మినుకుమనే స్ప్రింగు గుర్తు

శాంసన్‌కు తన చెవి మీద గురి ఎక్కువ. ఇంజను చప్పుడు వింటే చాలు, రోగమేమిటో చెప్పగలననేవాడు. సూర్యాపేట దగ్గరి పల్లె నుంచి మీసాలు రాకముందే ఎల్‌బీనగర్ చేరి, జీపుల కింద పడుకుని పని నేర్చుకుని, నడివయసులో మన్సూరాబాద్ దారిలో సొంత షెడ్డు వేసుకున్నాడు. ఆదివారాలు చర్చికి, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక సాయంత్రాలు చౌరస్తాలోని దీక్షా శిబిరానికి వెళ్లేవాడు. తన రాష్ట్రం తనకు కావాలన్న కోరిక న్యాయమైనదని అతనికి ఏనాడూ సందేహం లేదు. కోరిక న్యాయమైనది గనుక దాని పేరిట తాను చేసేదంతా న్యాయమేననీ నమ్మాడు.

ఆ సమ్మె రోజుల్లోనే ఒక ఉదయం సూర్యప్రభ తన డీజిల్ కారును ఈడ్చుకొచ్చినట్టుగా షెడ్డుకు తెచ్చింది. ఆమెది తెనాలి వైపు. పెళ్లయినప్పటి నుంచీ కాపురం మన్సూరాబాద్‌లోనే. భర్త రామమోహనరావుకు మూత్రపిండాలు చెడిపోయాయి. దిల్‌సుఖ్‌నగర్ ఆసుపత్రిలో డయాలసిస్ తప్పితే మనిషి దక్కడు. బస్సులు నడవడం లేదు, ఆటోలను నమ్మలేరు. డ్యాష్‌బోర్డులో స్ప్రింగులాంటి పసుప్పచ్చ గుర్తు మినుకుమంటోందనీ, అది మొదలవగానే బండి లాగడం మానేస్తోందనీ, మర్నాడు పొద్దున్నే ఆయన్ను తీసుకెళ్లాలనీ చెప్పింది.

శాంసన్ బానెట్ ఎత్తకముందే తీర్పు చెప్పేశాడు. చల్లటి ఇంజను అంటుకోవడానికి లోపల వేడి పుట్టించే గ్లో ప్లగ్గుల గుర్తు అది. అతనెరిగిన పాత బండ్లలో దానికి మరో అర్థం లేదు. మీటరు పెట్టి చూస్తే ప్లగ్గులన్నీ బాగానే ఉన్నాయి. అన్నమాట వెనక్కి తీసుకోబుద్ధి కాక కొత్తవి వేశాడు. వీధి చివరిదాకా నడిపేసరికి గుర్తు మళ్లీ మినుకుమంది. దాంతో నేరాన్ని డీజిల్ మీదికి, అక్కణ్నుంచి ఆమె మీదికి నెట్టాడు. ఎక్కడపడితే అక్కడ పోయిస్తే ఇంతేనని నలుగురిలో కసిరాడు. బెంచీ మీద కూర్చున్న ఆటో డ్రైవరు బక్కయ్య అందుకున్నాడు.

"ఆంధ్రోళ్ల బండి గద శాంసనన్నా. ఈడి గాలి దానికి పడ్తలేదు."

శాంసన్ నవ్వాడు. సూర్యప్రభ కూడా నవ్వి, సాయంత్రం వస్తానని నడుచుకుంటూ వెళ్లిపోయింది.

మధ్యాహ్నం కారును షెడ్డులోకి వెనక్కి తోలుతూ బ్రేకు తొక్కాడు. వెనక గోడ మీద ఎర్రటి వెలుగు పడలేదు. మళ్లీ తొక్కాడు, లేదు. కొత్త బండ్లలో బ్రేకు తొక్కిన కబురు ఇంజను కంప్యూటరుకు సరిగా అందకపోయినా ఇదే గుర్తు మినుకుమని బండి లాగడం తగ్గుతుందని విడిభాగాల కొట్టులో ఎవరో అంటే, అప్పట్లో కొట్టిపారేశాడు. బ్రేకు దీపాల ఫ్యూజు మాడి ఉంటే మార్చాడు. బ్రేకు తొక్కగానే అదీ మాడింది. వైరు వెంట వెతుక్కుంటూ డిక్కీ తలుపు దాకా వెళ్లి లోపలి అట్ట ఊడదీశాడు. పొడవాటి స్క్రూ మొన ఒకటి వైరులోకి దిగి ఉంది. బయటివైపు అది బిగించి పట్టినది నంబరు ప్లేటును.

ఆ ప్లేటు అతను వేసిందే. కిందటి నెల ఆయిలు మార్చడానికి బండి వచ్చినప్పుడు, ఏపీ అన్న ప్లేటు ఊడదీసి టీజీ అని రాసింది పెట్టాడు. పాత రంధ్రాలు కుదరకపోతే కొత్తవి పొడిచి, చేతికందిన స్క్రూలు బిగించాడు. ఆమెను అడగలేదు. అతను బిగిస్తుంటే పక్కనే నిలబడి ఆమె సరేనంది. ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడ్డ సెటిలర్లు కూడా ఇష్టపడి వేయించుకుంటున్నారని ఆ సాయంత్రం శిబిరంలో గొప్పగా చెప్పుకున్నాడు కూడా. ఇప్పుడు స్క్రూ చేతిలో పట్టుకుంటే అతని చెవులు వేడెక్కాయి. జబ్బుమనిషిని కూర్చోబెట్టుకుని ఆమె బ్రేకు దీపాలు లేకుండా ఎన్ని లారీల ముందు ఆగిందో.

సంగతి గ్రహించిన బక్కయ్య గొంతు తగ్గించాడు. "ఎలుక కొరికిందను. ఎవలు చూడొచ్చిన్రు?"

సూర్యప్రభ వచ్చేసరికి ఆ మాట నోటిదాకా వచ్చింది. అతి కష్టం మీద మింగాడు.

"అమ్మా, తప్పు ప్లగ్గులది గాదు, డీజిలుది గాదు. నేను కొట్టిన స్క్రూ బ్రేకు వైరుల దిగింది. మిమ్ముల అడగకుంట కొట్టిన."

ఆమె కోప్పడి ఉంటే బాగుండేది.

"అడిగినా సరేననేదాన్నే శాంసన్ గారూ. కాదంటే ఏమవుతుందో తెలియదు కదండీ."

శాంసన్ లోపలికి వెళ్లి, దాచి ఉంచిన పాత ప్లేటు తెచ్చి తుడిచాడు. "ఇప్పుడు అడుగుతున్ననమ్మా. మీ ప్లేటే పెడ్త."

ఆమె ప్లేటును చూసింది, రోడ్డును చూసింది, బెంచీ మీది బక్కయ్యను చూసింది.

"రేపు ఆయన్ను తీసుకెళ్లాలి. బండికి ఉన్నదే ఉండనివ్వండి."

వైరు అతికి, ఫ్యూజు మార్చి, పొట్టి స్క్రూలు వెతికి ఆ టీజీ ప్లేటునే మళ్లీ బిగించాడు. తాళం తిప్పగానే స్ప్రింగు గుర్తు వెలిగి, పద్ధతి ప్రకారం ఆరిపోయింది. కొత్త ప్లగ్గులకు ఎంతివ్వాలని ఆమె అడిగితే తల అడ్డంగా ఊపాడు. భయపడకున్రి అని చెప్పాలనుకున్నాడు. ఆ మాట అనే హక్కు తనకు లేదనిపించింది. వెనక అద్దం తుడిచి పక్కకు తప్పుకున్నాడు.