పొడి బలం కొలిచిన మా ప్రమీలక్క

నిన్న పొద్దున శ్యామ్ బావ నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

అక్క తన ఫోన్ ఎక్కడో మర్చిపోయి ఆయన ఫోన్ నుంచి చేస్తోందనుకున్నాను. "చెప్పక్కా" అన్నాను.

"అక్క లేదమ్మా ఇగ. దవాఖానకు తీస్కపోయేలోపే పోయింది" అన్నాడు బావ.

హార్ట్ ఎటాక్.

మొన్న సాయంత్రమే అబిడ్స్‌లో ల్యాబ్ మూసేసి ఇద్దరం నాంపల్లి స్టేషన్ దాకా నడిచాం.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ప్రమీలక్క నాకు రక్తసంబంధం కాదు. ఫుడ్ టెక్నాలజీ చదివి, అబిడ్స్‌లో చిన్న టెస్టింగ్ ల్యాబ్ పెట్టింది. నేను ఆమె దగ్గరే పని నేర్చుకున్నాను.

పాలపొడి, కారం, శనగపిండి, సూప్ పొడి. ఏదైనా మెషీన్‌లో సాఫీగా జారుతుందా, గడ్డ కడుతుందా అని కొలవడం మా పని.

పొడిని అచ్చులో పోసి, పైన బరువు పెట్టి నొక్కి, అచ్చు తీసేస్తాం. ముద్దగా నిలబడితే, అది ఎంత బరువుకు విరుగుతుందో చూస్తాం. అదే దాని బలం.

మనుషులకు బలం మంచిదే. పొడికి మాత్రం కాదు.

ఇరానీ హోటల్లో ఆమ్లెట్ చెబితే అక్క ముందు ఉప్పు సీసా ఊపి చూసేది. ఉప్పు రాలకపోతే మొహం వెలిగిపోయేది. "చెల్లె, గిది కూడ మన డిపార్ట్‌మెంటే" అనేది.

ఒక వానాకాలం, ఊరి బయట మాల్ట్ పొడి ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగింది.

సోమవారం పొద్దున హాపర్ నుంచి పొడి కిందికి రాలేదు. హాపర్ అంటే పొడి నింపే పెద్ద ఇనుప గరాటు. యాదగిరి అనే వర్కర్ పైకెక్కి, గడ్డకట్టిన పొడి మీద నిలబడి రాడ్‌తో పొడిచాడు. అది ఒక్కసారిగా కూలింది. ఛాతీ దాకా కూరుకుపోయాడు. తోటివాళ్లు తాడు వేసి లాగారు కాబట్టి బతికాడు.

ఓనర్ తప్పంతా యాదగిరిదే అన్నాడు. పొడి బాగానే జారుతుందట, ఇతనే అనవసరంగా ఎక్కాడట. డ్యూటీకి రావద్దని చెప్పి, ఉద్యోగం తీసేయడానికి సిద్ధమయ్యాడు. మాకు శాంపిల్ పంపి, పొడిలో లోపం లేదని రిపోర్ట్ ఇమ్మన్నాడు.

టెస్ట్ చేశాం. నిజంగానే బాగా జారింది. నేను రిపోర్ట్ టైప్ చేయడం మొదలుపెట్టాను.

"జర ఆగు. వాళ్లు శనివారం నింపి సోమవారం తీసిన్రు గద. మనం గట్ల చూసినమా?" అంది అక్క.

ఆ శనివారం మళ్లీ అచ్చు నింపి, బరువు పెట్టి, ఆ వాన తేమలోనే ఆదివారమంతా ఉంచింది. సోమవారం అచ్చు తీస్తే పొడి రాయిలా నిలబడింది.

ఫోన్‌లో చెబితే ఓనర్ వినలేదు. మొదటి రిజల్ట్ ఒక్కటే చాలన్నాడు.

అక్క ఆ ముద్దను టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆటో ఎక్కింది. డబ్బా ఒళ్లో పట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా డ్రైవర్‌ను తిట్టింది.

ముద్దను తీసి ఓనర్ టేబుల్ మీద పెట్టింది. "బొటనవేలితోటి విరగ్గొట్టున్రి సార్."

ఆయన నొక్కాడు. విరగలేదు. లేచి నిలబడి నొక్కాడు. అయినా విరగలేదు.

"యాదగిరి తప్పేం లేదు. ఆదివారమంతా నిలువుంటే గిట్లనే అయితది. మీ హాపర్ కింది నోరు చిన్నగుంది. రేపు ఇంకొకరు ఎక్కుతరు. అప్పుడు తాడు అందకపోతే?"

ఆయన యాదగిరిని పిలిపించి, రేపటి నుంచి డ్యూటీకి రమ్మన్నాడు.

హాపర్ నోరు వెడల్పు చేయించారు. పైన ఎవరూ దిగకుండా జాలీ బిగించారు. శనివారం ఖాళీ చేయందే ఇంటికి వెళ్లొద్దని రూల్ పెట్టారు. యాదగిరి ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాడు.

ఆ రోజు గేటు దాటాక అక్క, "ఆటోల విరిగిపోతే ఏంజేద్దునో చెల్లె" అని నవ్వింది.

అక్క సులువైన మనిషేమీ కాదు. ఎండాకాలంలో కూడా ల్యాబ్‌లో ఫ్యాన్ వేయనిచ్చేది కాదు, పొడి లేస్తుందని. ఆయాసం వస్తోంది, చూపించుకో అంటే "గ్యాస్ అంతే, ఫికర్ చెయ్యకు" అనేది. అందరినీ టెస్టులకు ఒప్పించిన మనిషి తను మాత్రం ఒక్క టెస్ట్ చేయించుకోలేదు.

నాకు కోపంగానే ఉంది.

ఈ మధ్యాహ్నం చర్చిలో ప్రార్థన అయ్యాక మట్టి చేశాం. తిరిగి వస్తుంటే నా బ్యాగులో ఉన్న ల్యాబ్ ఫోన్ మోగింది. ఎవరో శనగపిండి మిల్లువాళ్లు.

"ప్రమీల మేడమ్ ఉన్నరా?"

ఉన్నారు అనబోయి ఆగిపోయాను.

నిమ్మళంగా పండుకో అక్కా. నీకు శాంతిని, బావకు ధైర్యాన్ని ఇమ్మని దేవుణ్ణి అడుగుతున్నాం.